పెరటి వెల్లుల్లి

"ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదు" అనే సామెతను వినని తెలుగువారు ఉండరు. ఆ ఉల్లికి తోబుట్టువు వంటిది వెల్లుల్లి. ఉల్లిని గూర్చి ఇంత గొప్ప సామెతను చెప్పుకొన్న మనవారు వెల్లుల్లిని గూర్చి అంతగా చెప్పుకోలేదు. అయినప్పటికీ పప్పుపోపు మొదలుకొని బిర్యానీ వరకు, చారు మొదలుకొని హలీమ్ వరకు, మన వంటశాలలో వెల్లుల్లి లేనిదే గడవని వంటకాలు ఎన్నో కలవు. తెలంగాణ పల్లెలలో దీనిని ఎల్లిగడ్డ, ఎల్లిపాయ అంటారు. రాయలసీమలో తెల్లగడ్డ అనే మాట వాడుకలో ఉన్నది. ఉర్దూలో దీని పేరు లహ్సన్. పేరు ఏదైనను పోపులో పడినప్పుడు వచ్చే ఘుమఘుమ ఒక్కటే.

మేము ఈ వ్యాసం వ్రాయుటకు ఒక చిన్న కారణం ఉన్నది. 2024 సంవత్సరం జనవరి, ఫిబ్రవరి మాసములలో వెల్లుల్లి ధర కిలో 400 రూపాయలు దాటిన సంగతి పాఠకులకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఆ రోజులలో మా వసతి గృహపు వంటశాలలో పప్పులో వెల్లుల్లి మాయమైనది. వంట చేసే ఆమెను మేమంతా 'ఖాలా' అని పిలుస్తాము. "బఘార్‌లో నాలుగు జవలు లేకుంటే అది దాల్ ఎట్లయితది?" అని ఆమె నొచ్చుకొని, కొన్నాళ్ళు తన ఇంటినుండి కొంగున ముడి వేసుకొని తెచ్చి పోపులో వేసినది. నెల జీతంతో ఇల్లు గడుపుకొనే మనిషి మా కోసం తన ఇంటి వెల్లుల్లి తేవడం మాకు సిగ్గనిపించింది. వంటశాల వెనుక మూడు గజాల ఖాళీ స్థలం ఉన్నది కదా, మనమే ఎందుకు పెంచరాదు అనే ఆలోచన అక్కడ పుట్టినది. ఆ ప్రయత్నంలో రెండుసార్లు ఓడి, మూడవసారి గెలిచి, నేర్చుకొన్న విషయాలను తోటి విద్యార్థులతో పంచుకొనుటయే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

పేరు, పూర్వ చరిత్ర

'వెల్ల' అనగా తెలుపు. తెల్లని ఉల్లి గనుక వెల్లుల్లి. కన్నడంలో బెళ్ళుళ్ళి అనే పేరు కూడా ఇదే రీతిగా ఏర్పడినది. సంస్కృతంలో దీనిని లశునమనీ, రసోనమనీ అంటారు. రసములు ఆరింటిలో ఒకటి, అనగా పులుపు, దీనిలో లోపించినది గనుక 'రస-ఊనం' అని ఆయుర్వేద పండితులు ఆ పేరుకు అర్థం చెప్పారు. ఉర్దూ లహ్సన్ అనే మాటకు మూలం ఈ లశునమే. ఒకే గడ్డలోని రెబ్బలవలె ఈ భాషలన్నీ ఒకచోట కలిసి ఉన్నవని తెలుసుకొన్నప్పుడు మాకు ఎంతో సంతోషం కలిగినది.

వెల్లుల్లి జన్మస్థానం మధ్య ఆసియా. అక్కడి నుండి అది వేల సంవత్సరాల క్రిందటనే ఈజిప్టుకు, భారతదేశానికి, చైనాకు ప్రయాణించినది. క్రీస్తు పూర్వం ఐదవ శతాబ్దానికి చెందిన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్, పిరమిడ్ కట్టిన కూలీలకు ముల్లంగి, ఉల్లి, వెల్లుల్లి కొరకు అయిన ఖర్చును గూర్చి వ్రాసినాడు. 1922లో బయటపడిన టుటన్‌ఖామున్ సమాధిలో ఎండిన వెల్లుల్లి గడ్డలు దొరికినవి. ఈజిప్టును విడిచి వచ్చిన ఇశ్రాయేలీయులు ఎడారిలో జ్ఞాపకం చేసుకొన్న ఆహారములలో వెల్లుల్లి కూడా ఉన్నదని బైబిలులోని సంఖ్యాకాండము చెబుతున్నది. ఆ జాతి వారి కోరికను గూర్చియే పవిత్ర ఖుర్ఆన్‌లోని బఖరా సూరాలో వచ్చే 'ఫూమ్' అనే పదానికి కొందరు వ్యాఖ్యాతలు వెల్లుల్లి అనీ, కొందరు గోధుమ అనీ అర్థం చెప్పినారు. మన దేశపు కాశ్యప సంహితలో లశున కల్పమనే ప్రత్యేక అధ్యాయమే కలదు. 1890లో మధ్య ఆసియాలోని కూచా ప్రాంతంలో దొరికి, బోవర్ వ్రాతప్రతిగా పేరొందిన ప్రాచీన సంస్కృత గ్రంథం వెల్లుల్లి గుణములతోనే ఆరంభమగుచున్నది. ఇంత చరిత్ర గల మొక్క మన పెరటిలో మూడు గజాల స్థలంలో పెరుగుతుందంటే ఆశ్చర్యం కాదా!

నేడు ప్రపంచంలో వెల్లుల్లి పంటలో చైనాది ప్రథమ స్థానం, భారతదేశానిది ద్వితీయ స్థానం. మన దేశంలో మధ్యప్రదేశ్ ముందున్నది. అక్కడి మంద్‌సౌర్, నీమచ్ జిల్లాల అంగడులు వెల్లుల్లికి ప్రసిద్ధములు. తమిళనాడులోని కొడైకెనాల్ కొండ వెల్లుల్లికి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. మహారాష్ట్రలో పూనా సమీపాన గల రాజ్‌గురునగర్‌లో ఉల్లి, వెల్లుల్లి పంటలపై పరిశోధన చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉన్నది.

విత్తనం లేని మొక్క

వెల్లుల్లిలో అన్నింటికంటె విచిత్రమైన సంగతి ఏమనగా, మనం పండించే రకములు నిజమైన విత్తనం ఇవ్వవు. గడ్డను విడదీసి రెబ్బను నాటితే ఆ రెబ్బయే మొక్క అగును; ఆ మొక్కయే మరల గడ్డ అగును. ఆ విధంగా తరతరాలుగా మనుషుల చేతుల మీదుగానే ఈ మొక్క బ్రతికి వచ్చినది. ఒక్క సంవత్సరం ఎవరూ నాటకపోతే ఆ వంశం అక్కడితో ఆగిపోతుంది.

ఈ లక్షణం వలన ఒక లాభం, ఒక నష్టం కలవు. మంచి గడ్డను ఎన్నుకొంటే దాని గుణం మారకుండ సంతానానికి వస్తుంది. ఇది లాభం. తల్లి గడ్డలో వైరస్ గాని, బూజు గాని ఉంటే అది కూడా బిడ్డకు సంక్రమిస్తుంది. ఇది నష్టం. కాబట్టి వెల్లుల్లి సేద్యంలో సగం విజయం నాటే గడ్డ ఎంపికలోనే ఉన్నదని చెప్పవచ్చును.

మా రెండు ఓటములు

మేము మొదట 2024 ఫిబ్రవరి నెలలో నాటినాము. ఖాలా డబ్బాలో మొలకెత్తిన రెబ్బలు కనబడగానే, మొలక వచ్చినది గనుక నాటితే చాలునని తొందరపడినాము. ఆకులు చక్కగా వచ్చినవి. ఏప్రిల్ నెల రాగానే అవి పసుపు పచ్చగా మారి వాలిపోయినవి. తవ్వి చూడగా, రెబ్బలు గల గడ్డ ఒక్కటీ లేదు. నాటిన ప్రతి రెబ్బ క్రింద గోలీకాయంత ఒంటిపాయ మాత్రమే ఉన్నది. ఒకటి నాటితే ఒకటి వచ్చినది. ఇక దీనికేమి లాభం?

ఓటమి ఒప్పుకొనక మరల జూలై నెలలో, కళాశాల తెరచిన ఉత్సాహంలో, వర్షం ఉన్నది గదా అని నాటినాము. ఆ స్థలం నల్లరేగడి నేల. పదిహేను రోజుల ముసురు తరువాత మట్టి తీసి చూస్తే రెబ్బలు మెత్తబడి కుళ్ళిపోయినవి.

మా కళాశాలలో తోటపని చూసే వృద్ధుడు ఒకరు ఉండేవారు. మేము ఆయనను 'తాతా' అని పిలిచేవారము. ఆయన తండ్రి మెదక్ ప్రాంతపు పల్లెలో మిరప మడి గట్ల మీద ఎల్లిగడ్డ వేసేవారట. ఈ రెండుసార్లూ ఆయన మమ్ములను చూస్తూనే ఉన్నారు. అడుగని వారికి చెప్పరాదని ఊరకున్నారు. ఆగస్టులో సిగ్గు విడిచి అడిగితే ఆయన నవ్వి, "బిడ్డా, ఎల్లిగడ్డకు చలి కావాలె. బతుకమ్మ పండుగ దాటినంక పెట్టాలె, కామునిపున్నానికి తియ్యాలె. మీరేమో ఎండకొకసారి, వానకొకసారి పెడితిరి" అన్నారు. ఆ తరువాత మేము చదివిన వ్యవసాయ గ్రంథములు అన్నియు ఆ రెండు వాక్యాలనే విస్తరించి చెప్పినవి.

ఋతువు, చలి

వెల్లుల్లి శీతకాలపు పంట. మన ప్రాంతంలో అక్టోబరు మధ్య నుండి నవంబరు మధ్య వరకు నాటుటకు అనుకూలమైన కాలం. నాటిన తరువాత సుమారు 120 నుండి 150 రోజులలో పంట చేతికి వస్తుంది.

దీనికి కారణం ఇది. మొక్క చిన్నదిగా ఉన్నప్పుడు దానికి చల్లదనం తగిలితేనే దాని లోపల రెబ్బలుగా మారే మొగ్గలు ఏర్పడుతవి. అటు తరువాత పగళ్ళు క్రమంగా పొడవై, ఎండ కొంచెం వెచ్చనైనప్పుడు ఆ మొగ్గలు ఊరి గడ్డ తయారవుతుంది. మొదట చలి, తరువాత వెచ్చదనం - ఈ వరుస తప్పరాదు. ఫిబ్రవరిలో నాటిన మా మొక్కలకు చలి తగలలేదు. పెరుగుచున్న పగళ్ళు, ఎండ మాత్రమే తగిలినవి. మొక్క చిన్నదిగా ఉండగానే గడ్డ కట్టుటకు తొందరపడినది. లోపల రెబ్బల మొగ్గలు లేనందున ఒంటిపాయ అయినది.

హైదరాబాదు పరిసరాలలో డిసెంబరు, జనవరి మాసపు రాత్రులు తగినంత చల్లగా ఉంటవి. కోస్తా జిల్లాలలో చలి తక్కువ గనుక అక్కడ గడ్డ చిన్నదిగా వచ్చుటకు అవకాశం ఎక్కువ. అట్టి చోట్లకు ఒక ఉపాయం కలదు. నాటుటకు సుమారు ఒక నెల ముందు విడదీయని గడ్డలను కాగితపు సంచిలో వేసి, రిఫ్రిజిరేటరులో కూరగాయలు ఉంచే అరలో పెట్టవలెను. గడ్డ కట్టే అరలో పెట్టరాదు. బయటకు తీసిన వెంటనే నాటవలెను. ఈ విధంగా చేసిన రెబ్బలు త్వరగా మొలిచి, త్వరగా గడ్డ కడతవి. మరీ ఎక్కువ కాలం ఉంచితే గడ్డ ఆకారం చెడి గరుకుగా వస్తుందని కూడా గమనించవలెను. మేము మూడవసారి ఈ పద్ధతినే అనుసరించినాము.

గడ్డల ఎంపిక

అంగడిలో రెండు విధములైన వెల్లుల్లి కనబడుతుంది. మైదాన ప్రాంతపు రకములలో గడ్డ మధ్యస్థంగా ఉండి, పదిహేను నుండి ఇరువది ఐదు వరకు రెబ్బలు ఉంటవి. కొండ ప్రాంతపు రకములలో గడ్డ పెద్దదిగా ఉండి, లావాటి రెబ్బలు తక్కువ సంఖ్యలో ఉంటవి. వాటిని చూసి ఆశపడరాదు. అవి గడ్డ కట్టుటకు మన ప్రాంతంలో కంటె పొడవైన పగళ్ళు, ఎక్కువ చలి కావలెను. మన దగ్గర అవి ఆకుతోనే సరిపెట్టుకొంటవి. మైదానములకు తగిన రకములలో అగ్రిఫౌండ్ వైట్ అనబడే జి-41, యమునా సఫేద్ అనబడే జి-1, యమునా సఫేద్-3 అనబడే జి-282, ఊదారంగు పొర గల భీమా పర్పుల్, తెల్లని భీమా ఓంకార్ చెప్పుకోదగినవి. ఇవి దొరకనప్పుడు దగ్గరి అంగడిలో నాటు గడ్డలను ఎన్నుకొన్నను సరిపోతుంది.

గడ్డ గట్టిగా ఉండవలెను. నొక్కితే లోపలికి పోరాదు. బూజు, నల్లని పొడి, గోధుమరంగు మచ్చలు ఉండరాదు. రెబ్బలను నాటే రోజుననే విడదీయవలెను. ముందుగా విడదీస్తే ఎండి సత్తువ పోతుంది. పైపొర తీయరాదు. గడ్డకు వెలుపలి వరుసలో ఉండే లావు రెబ్బలను మాత్రమే నాటవలెను. నడుమ ఉండే సన్నని రెబ్బలను వంటకు పంపవలెను. పెద్ద రెబ్బ నుండి పెద్ద గడ్డ, చిన్న రెబ్బ నుండి చిన్న గడ్డ వస్తుంది.

ఇక్కడ చాలమంది చేసే పొరపాటు ఒకటి ఉన్నది. మంచి గడ్డలను తిని, మిగిలిన చిన్నవాటిని నాటుతారు. ప్రతి సంవత్సరం ఇట్లే చేస్తే పంట ఏడాదికేడాది చిక్కిపోవును.

నేల, మడి

నీరు నిలువని, వదులైన నేల వెల్లుల్లికి ఇష్టం. ఇసుక కలిసిన గరప నేల ఉత్తమం. నల్లరేగడి అయితే ఎత్తు మడి చేయక తప్పదు. మేము మూడవసారి ఒక మీటరు వెడల్పు, మూడు మీటర్ల పొడవు గల మడిని జానెడు ఎత్తున కట్టినాము. అందులో బాగుగా చివికిన పశువుల ఎరువు నాలుగు గంపలు, ఇసుక రెండు గంపలు, వేపపిండి ఒక కిలో కలిపినాము. పచ్చి ఎరువు వేయరాదు. దానితో కుళ్ళు, పురుగు వస్తవి. ఉల్లి, వెల్లుల్లి వేసిన చోటనే మరుసటి ఏడు మరల వేయరాదు. పప్పుజాతి మొక్కలు గాని ఆకుకూరలు గాని వేసి నేల మార్చవలెను.

రోజుకు ఆరు గంటలైనా ఎండ తగలవలెను. స్థలం లేనివారు నిరాశపడనక్కరలేదు. మిద్దె మీద ఎనిమిది అంగుళాల లోతు గల తొట్టిలోగాని, పాత బకెట్టుకు అడుగున రంధ్రాలు చేసిగాని నాటుకోవచ్చును. అడుగు వెడల్పు గల తొట్టిలో ఆరు రెబ్బలకంటె ఎక్కువ పెట్టరాదు.

నాటుట

వరుసకు వరుసకు మధ్య 15 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు మధ్య 10 సెంటీమీటర్లు ఎడం ఉండవలెను. ఈ లెక్కన మూడు చదరపు మీటర్ల మడిలో సుమారు 200 రెబ్బలు పడతవి. దీనికి పావు కిలోకు కొంచెం పైచిలుకు వెల్లుల్లి చాలును.

రెబ్బ యొక్క చదునైన వైపు, అనగా వేరు వచ్చే వైపు, క్రిందికి. మొనతేలిన వైపు పైకి ఉండవలెను. తలక్రిందులుగా నాటితే మొలక వంకర తిరిగి గడ్డ చెడిపోతుంది. రెబ్బ మొన పైన రెండు మూడు సెంటీమీటర్ల మట్టి కప్పవలెను. మేము విసరి చల్లుదుమంటే తాత ఒప్పుకొనలేదు. "ఒక్కొక్కటి కూసోబెట్టాలె బిడ్డా, బడిపిల్లల లెక్క" అన్నారు. 2024 అక్టోబరు 20వ తేదీ ఆదివారం నాడు మేము పదిమందిమి కూర్చుండి 200 రెబ్బలను అట్లే కూర్చుండబెట్టినాము. ఫిబ్రవరి నాటి ఒంటిపాయలలో ఎనిమిదింటిని తాత దాచి ఉంచారని మాకు ఆనాడే తెలిసినది. వాటిని మడి అంచున ఆయన స్వయంగా నాటినారు.

వారం పది రోజులలో పచ్చని మొలకలు కనబడినవి. 200కు 181 మొలిచినవి.

నీరు, ఎరువు, కలుపు

నాటిన వెంటనే ఒక తడి, మూడవ రోజున మరొక తడి ఇవ్వవలెను. అటుపిమ్మట నేలను బట్టి వారానికొక తడి చాలును. వెల్లుల్లి వేర్లు పైపైననే ఉంటవి గనుక మరీ ఎండబెట్టరాదు, నీరు నిలువనూరాదు. గడ్డ ఊరే కాలంలో తడి తప్పితే గడ్డ చిన్నదవుతుంది. బాగా ఎండబెట్టి ఒక్కసారిగా నీరు పెడితే గడ్డ పగిలి విచ్చుకొంటుంది. పంట తీసే రెండు వారాల ముందు నీరు పూర్తిగా ఆపవలెను.

నెల రోజులకొకసారి, రెండు నెలలకొకసారి గుప్పెడు గుప్పెడు వానపాముల ఎరువు వరుసల మధ్య వేసి మట్టి కలిపినాము. రెండు నెలల తరువాత నత్రజని గల ఎరువులు వేయరాదు. వేస్తే ఆకు బలిసి, మెడ లావై, గడ్డలు మడిలోనే మరల మొలకెత్తును, నిలువ ఉండవు.

కలుపు మొక్కలను వెల్లుల్లి ఎదిరించలేదు. దాని ఆకు సన్నం, నీడ పడదు, కలుపు దర్జాగా పెరుగుతుంది. రెండు మూడుసార్లు చేతితో, వేర్లు కదలకుండ తీయవలెను. వరుసల నడుమ ఎండుగడ్డి పరచిన తరువాత మాకు ఈ శ్రమ సగం తగ్గినది.

ఆకులు వంటకు కావలెనని ఆశపడి అన్ని మొక్కలనుండి కోయరాదు. గడ్డకు ఆహారం తయారుచేసేది ఆకే. లేత ఆకు కావలసినవారు చిన్న రెబ్బలను వేరొక తొట్టిలో వేసుకొని కోసుకోవచ్చును. చలి చాలని కోస్తా ప్రాంతపు ఇండ్లకు ఇది ఎంతో ఉపయోగకరం.

పురుగు, తెగులు

ఆకులపై వెండిరంగు చారలు కనబడితే తామర పురుగులు చేరినవని అర్థం. అవి ఆకు మొవ్వులో దాగి రసం పీల్చును. యాభై గ్రాముల వేపగింజల పొడిని ఒక లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, వడపోసి, కొంచెం సబ్బు నురుగు కలిపి సాయంకాలం పిచికారీ చేస్తే పెరటి వరకు సరిపోతుంది. మంచు, మబ్బు ఎక్కువైన రోజులలో ఆకులపై ఊదారంగు మచ్చలు వచ్చును. అట్టి ఆకులను తీసి కాల్చివేయవలెను; నీరు ఆకులపై గాక మొదట్లో పోయవలెను. గడ్డ అడుగున తెల్లని బూజు పట్టి మొక్క వాడితే ఆ మొక్కను మట్టితో సహా తీసివేయవలెను. ఆ చోట కొన్ని సంవత్సరముల వరకు ఉల్లి జాతి మొక్కలను వేయకుండుట మంచిది.

పంట తీయుట, ఆరబెట్టుట

మార్చి మొదటి వారంలో ఆకులు క్రింది నుండి పసుపు పచ్చగా మారి, మెడలు మెత్తబడి వాలినవి. సగానికి పైగా మొక్కలు ఇట్లు వాలినప్పుడు పంట సిద్ధమైనట్లు. తొందరపడితే పొర పలుచన. ఆలస్యం చేస్తే రెబ్బలు విడిపోవును. ఆకు పట్టి లాగక, పారతో క్రింది మట్టిని వదులుచేసి తీయవలెను. గడ్డలను కడుగరాదు.

2025 మార్చి రెండవ వారంలో మేము 170 గడ్డలు తీసినాము. తాత నాటిన ఎనిమిది ఒంటిపాయలూ రెబ్బలు నిండిన గడ్డలుగానే వచ్చినవి. మేము వ్యర్థమనుకొని పారవేసిన వాటికి చలి అందితే చాలునని అప్పుడు తెలిసినది.

తీసిన గడ్డలను ఆకులతో సహా నీడలో, గాలి ఆడే చోట వారం పది రోజులు ఆరబెట్టవలెను. ఎండలో పెడితే పైరెబ్బలు ఉడికినట్లగును. ఆకులు ఎండిన తరువాత జడవలె అల్లి దూలానికి వ్రేలాడదీయుట మన పూర్వుల పద్ధతి. ఖాలా జడలు అల్లినది. ఆరిన తరువాత తూకం వేస్తే రెండు కిలోల నూరు గ్రాములు వచ్చినది. ఆ పంటతో వసతి గృహం అవసరం తీరదు. ఒక చిన్న కుటుంబానికి మాత్రం కొన్ని నెలలకు సరిపడును.

గాలి తగిలే పొడి చోట గడ్డలు నాలుగైదు నెలలు నిలువ ఉంటవి. తినే గడ్డలను రిఫ్రిజిరేటరులో పెట్టరాదు. చలి సోకి బయటకు రాగానే మొలకెత్తును. ఒలిచిన రెబ్బలను పులుపు, ఉప్పు లేకుండ వట్టి నూనెలో వేసి బయట ఉంచుట ప్రమాదకరం. గాలి సోకని ఆ నూనెలో ప్రాణాపాయం కలిగించే విషక్రిములు పెరుగుటకు అవకాశం కలదు. అల్లం వెల్లుల్లి ముద్దను చల్లని చోటనే ఉంచి త్వరగా వాడుకోవలెను.

ఘాటు వెనుక గల శాస్త్రం

చితుకని వెల్లుల్లి రెబ్బకు వాసన అంతగా ఉండదు. రెబ్బ కణాలలో అల్లిన్ అనే పదార్థం ఒక గదిలోను, అల్లినేజ్ అనే ఎంజైము మరొక గదిలోను విడివిడిగా ఉంటవి. దంచినప్పుడో, కొరికినప్పుడో గోడలు తెగి అవి రెండూ కలిసి అల్లిసిన్ అనే గంధక పదార్థం పుడుతుంది. ఆ ఘాటు దానిదే. దీనిని 1944లో అమెరికాలో కావలిటో, బెయిలీ అనే శాస్త్రజ్ఞులు వేరుచేసి, సూక్ష్మక్రిములను అణచే శక్తి దీనికి ఉన్నదని చూపినారు. ఇది మొక్క తనను కొరుకవచ్చే పురుగుల నుండి తనను కాపాడుకొనే ఆయుధం. వేడి తగిలితే ఎంజైము నశిస్తుంది. అందుకే దంచి వేసిన వెల్లుల్లికి ఒక రుచి, నిండు రెబ్బను పోపులో వేయించితే మరొక రుచి.

వెల్లుల్లి సర్వరోగ నివారిణి అని చెప్పుట అతిశయోక్తి. రక్తపు పోటును, కొలెస్టరాలును అది కొంతవరకు తగ్గించవచ్చునని పరిశోధనలు తెలుపుచున్నవి. వైద్యుడిచ్చిన మందుకు అది ప్రత్యామ్నాయం కానేరదు. రక్తం పలుచబడే మందులు వాడువారు, శస్త్రచికిత్స చేయించుకొనబోవువారు ఎక్కువగా తినేముందు వైద్యునికి తెలుపవలెను. పచ్చి వెల్లుల్లి నూరి చర్మంపై కట్టు కడితే బొబ్బలెక్కును. బాలింతకు వెల్లుల్లి కారం పెట్టే ఆచారం తెలుగిండ్లలో ఉన్నది. పచ్చి వెల్లుల్లి తిని మసీదుకు రావద్దని, తోటివారికి ఆ వాసన బాధ కలిగించరాదని హదీసులు చెబుతున్నవి. వ్రతములు, నియమములు గల హిందువుల ఇండ్లలో కొందరు దీనిని ముట్టరు. తినుటకును, మానుటకును మన పెద్దలు మర్యాదలు ఏర్పరచినారన్నమాట.

ముగింపు

పంట తీసిన నాడు మాలో కొందరము పెద్ద గడ్డలను ఏరి వంటశాలకు ఇవ్వబోయినాము. ఖాలా ఋణం కొంతైనా తీర్చుకొనవలెనని మా తాపత్రయం. తాత చేయి అడ్డుపెట్టి, "పెద్దయి తింటరా? అయి ఇత్తనానికి. చిన్నయి తినుండ్రి" అన్నారు. ఖాలా కూడా ఆయన పక్షమే వహించి, పెద్ద గడ్డలు ముప్పది ఏరి వేరుగా జడ అల్లి, వంటశాల కిటికీకి కట్టినది. ఆ సాయంకాలం పప్పులో మా చిన్న గడ్డల పోపు పడినది. దాని రుచిని ఇక్కడ వర్ణించబోము.

ఆ వేసవిలోనే తాత ఉద్యోగ విరమణ చేసి తమ ఊరికి వెళ్ళినారు. వీడ్కోలు నాడు మేము శాలువాతో పాటు ఆయనకు ఒంటిపాయల నుండి వచ్చిన ఆ ఎనిమిది గడ్డలను ఇచ్చినాము. ఆయన శాలువాను మడిచి సంచిలో పెట్టుకొని, గడ్డలను మాత్రం చేతిలో పట్టుకొని ఒక్కొక్కటి నొక్కి చూసుకొన్నారు. "తండ్రి పోయినంక మా ఊర్ల నేనెన్నడు పెట్టలే. ఈ యేడు పెడుత" అన్నారు.

విత్తనం లేని ఈ మొక్క ఒక చేతి నుండి మరొక చేతికి అందుతూ వచ్చినదని మొదట చెప్పినాము. పెద్ద చదువులు చదివే మనకు ఆ వరుసలో ఒక చోటు ఉన్నది. స్థలం లేదనువారికి తొట్టి చాలును. తీరిక లేదనువారికి వారానికొక చెంబెడు నీరు పోసే తీరిక చాలును. రాబోయే బతుకమ్మ పండుగ దాటగానే పాఠకులు తమ పెరటిలో పది రెబ్బలైనా నాటుదురు గాక! నాటేముందు ఇంటిలో పెద్దవారిని ఒక్క మాట అడుగుట మరువకుందురు గాక! మేము అడుగక రెండు పంటలు పోగొట్టుకొన్నాము.